కొత్త ఛానల్ కొనే ముందు టేపు పట్టండి: ఇంట్లో సొరుగుల రిపేరు, బిగింపు

కావలిలో మా వంటింటి గట్టు కింద మూడు సొరుగులున్నాయి. నడిమి దానికి రెండేళ్ళలో రెండుసార్లు ఛానల్స్, అంటే సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే రేకు పట్టీలు, మార్చాను. రెండుసార్లూ నెల తిరక్కుండానే మళ్ళీ సగంలో ఆగిపోయింది. మూడో జత కూడా కొనుక్కొచ్చి, ఇక నావల్ల కాదని తెలిసిన మేస్త్రీని పిలిచాను. ఆయన కొత్త ప్యాకెట్టు వైపు చూడను కూడా చూడలేదు. జేబులోంచి టేపు తీసి సొరుగు దూరే గూడు వెడల్పు ముందర ఒకసారి, వెనకాల ఒకసారి కొలిచాడు. "ఏంది సార్, కొత్త ఛానల్ ఏస్తే ఆడ సందు మారుద్దా? వెనకాల నాలుగు మిల్లీమీటర్లు తక్కువుంది చూడండి" అన్నాడు. గోడ వంకరకు పక్క ప్లై లోపలికి ఒత్తుకుపోయి ఉంది. నేను రెండేళ్ళూ తిట్టింది ఛానల్‌ని.

అప్పట్నుంచీ మా ఇంట్లోనూ చుట్టాలిళ్ళలోనూ చాలా సొరుగులు విప్పాను. ఛానల్ నిజంగా పాడైనవి తక్కువ. మూల తప్పిన పెట్టె, పెట్టెకీ గూడుకీ మధ్య కొలత తప్పిన సందు, తల పైకి లేచిన స్క్రూ, ఇవే ఎక్కువ. అందుకే ఈ వివరంలో బిగించడం కన్నా కొలవడం గురించే ఎక్కువ చెబుతాను.

చేతిలో ఉన్నది ఏ రకం

మన ఇళ్ళలో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది పాత బల్లల్లో ఉండే చెక్క పట్టీ, దాని మీద సొరుగు నేరుగా జారుతుంది. రెండోది తెల్ల రంగు రేకుకి ప్లాస్టిక్ చక్రం ఉన్న రోలర్ ఛానల్. మూడోది ఇప్పుడు ఎక్కువగా వేస్తున్న టెలిస్కోపిక్ ఛానల్, అంటే ఒకదాంట్లో ఒకటి దూరే మూడు ఉక్కు పట్టీలు, వాటి మధ్య బాల్స్. బయటి పట్టీ గూడుకి, లోపలి పట్టీ సొరుగు పెట్టెకి బిగుస్తాయి. నడిమిది ఆ రెంటికీ మధ్య తిరుగుతుంది. బాల్స్ చెదరకుండా వాటిని ఒక పలచని రేకు పట్టి ఉంచుతుంది. ఆ రేకు వంగిందంటే ఆ ఛానల్ పని అయిపోయినట్టే, దాన్ని బాగుచేసే దారి లేదు.

రోలర్ రకంలో సొరుగు ముప్పాతిక వంతే బయటికొస్తుంది. టెలిస్కోపిక్‌లో మొత్తం వస్తుంది, వెనక మూలలో పడిన ఉదయగిరి చెక్క గరిటె కూడా చేతికందుతుంది. వంటింట్లో రోలర్ వద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

జబ్బేమిటో ముందు తేల్చుకోండి

సొరుగు ఖాళీ చేసి నెమ్మదిగా లాగండి, ఎక్కడ పడుతోందో చేతికే తెలుస్తుంది. మొదట్నుంచి చివరిదాకా ఒకేలా బరువుగా ఉంటే సందు తక్కువైంది, లేదా లోపల మడ్డి పేరుకుంది. ఒకే చోట టక్కుమని తగిలి దాటుతుంటే అక్కడ స్క్రూ తల పైకి లేచి ఉంది. లోపలికి పోయేకొద్దీ బిగుసుకుంటుంటే గూడు వెనకాల ఇరుకు. పక్కలకు ఊగుతూ గలగలమంటుంటే సందు ఎక్కువైంది. ముందు పలక ఒక పక్కకు వాలి, కింద సొరుగుని రాసుకుంటుంటే ఒక ఛానల్ జారింది, లేదా అక్కడి స్క్రూ ఊడింది. పెట్టె అడుగు ప్లై కుంగి కింద వస్తువులకి తగులుతోందేమో కూడా చూడండి. ఊరగాయ జాడీలు పెట్టే సొరుగుల్లో ఇది మామూలే.

వానల్లో మాత్రమే ఇబ్బంది పెట్టి ఎండాకాలంలో బాగైపోయే సొరుగు ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ గాలి తేమకు చెక్క ఉబ్బుతుంది, రోహిణి కార్తె వచ్చేసరికి మళ్ళీ సన్నబడుతుంది. నవంబరులో బిగుసుకుందని చిత్రిక పట్టేస్తే మే నెలలో గలగలలాడుతుంది. చిత్రిక పట్టడం ఏదైనా ఉంటే సంక్రాంతి దాటాక పెట్టుకోండి.

సొరుగు బయటికి తీయడం

టెలిస్కోపిక్ సొరుగుని చివరిదాకా లాగితే రెండు పక్కలా పట్టీ మీద నల్లటి ప్లాస్టిక్ నాలుక కనిపిస్తుంది. ఒక పక్కది పైకి ఎత్తాలి, రెండో పక్కది కిందికి నొక్కాలి. రెండింటికీ ఒకే రకం పట్టీ వాడి, ఒకదాన్ని తిరగేసి బిగిస్తారు కాబట్టి అలా ఉంటుంది. ఇది తెలియక రెండూ కిందికే నొక్కి నాలుక విరగ్గొట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రెండూ ఒకేసారి పట్టుకుని సొరుగుని తిన్నగా మీ వైపు లాగండి. రోలర్ రకానికి నాలుకలుండవు. చివరిదాకా లాగి ముందు భాగం పైకెత్తితే చక్రం గాడి దాటి బయటికొస్తుంది.

తీసిన వెంటనే రెండు ఛానల్స్‌నీ ఖాళీగా వేలితో నడిపి చూడండి. సొరుగు లేకుండా కూడా గరగరమంటే తప్పు ఛానల్‌దే. వెన్నలా జారుతుంటే తప్పు కొలతది, కొత్తవి కొనడానికి పరుగెత్తొద్దు.

మడ్డి, తుప్పు, ఊడిన స్క్రూ

పాత టూత్‌బ్రష్‌తో గాడిలో ఉన్న వెంట్రుకలు, పిండి, దుమ్ము గీకి పొడిగుడ్డతో తుడవండి. మడ్డి గట్టిపడి ఉంటే గుడ్డ మీద కాస్త డబ్ల్యూడీ-40 కొట్టి తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో ఆ తడి కూడా తీసేయండి. ఆ తర్వాత కుట్టుమిషన్ నూనె పట్టీకి రెండు చుక్కలు చాలు. ఇంట్లో ఉందని కొబ్బరినూనె పోస్తుంటారు. అది వారం రోజులు బాగా జారుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురైపోతుంది, వంటింట్లో అయితే పిండి కూడా తోడై ముద్ద కడుతుంది. గ్రీజు దట్టంగా పూసినా అంతే.

తుప్పు పైపైన ఉంటే పోతుంది. బాల్స్ తిరిగే గాడిలోనే గుంటలు పడితే తీసి పారేయండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి మామూలు జింకు పూత ఛానల్ త్వరగా ఎర్రబడుతుంది. అలాంటిచోట, ముఖ్యంగా సింకు పక్క సొరుగుకి, ధర ఎక్కువైనా 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు ఛానల్ అడిగి తీసుకోండి. స్క్రూలు కూడా స్టీలువే కావాలి. ఛానల్ మెరుస్తూ ఉండి స్క్రూ తుప్పుపట్టి ఊడొస్తే ఏం లాభం?

స్క్రూ పట్టు తప్పితే, పార్టికల్ బోర్డు ఫర్నిచర్‌లో తరచూ తప్పుతుంది, పొడవాటి స్క్రూ వేయడం మొదట తోచే ఉపాయం. ఆ పొడవు అవతలి పక్కకు పొడుచుకొస్తుంది. దానికన్నా అగరబత్తి పుల్లలు నయం. మసాలా అంటని కొసలు విరిచి, ఫెవికాల్‌లో ముంచి, కన్నం నిండేదాకా బిగువుగా దించి పైకి మిగిలింది కోసేయండి. ఒక రాత్రి ఆరనిచ్చి, మధ్యలో సన్నటి కన్నం వేసి అదే స్క్రూ బిగించండి. ప్లైకీ చెక్కకీ ఈ వైద్యం బాగా పనిచేస్తుంది. పార్టికల్ బోర్డు నీళ్ళు తాగి ఉబ్బి, వేలితో నొక్కితే రాలుతుంటే మాత్రం అగరబత్తీలు దానికి దణ్ణం పెట్టడానికే పనికొస్తాయి, ఆ పక్క బోర్డు మార్చాల్సిందే.

కొత్తది కొనేటప్పుడు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనో ఒంగోలు ట్రంకురోడ్డులోనో హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఊరికే "ఛానల్ ఇవ్వండి" అంటే ఎదురుగా ఉన్నది చేతిలో పెడతారు. మూడు మాటలు చెప్పండి: పొడవెంత, వెడల్పెంత, బరువెంత.

పొడవు అంగుళాల్లో అమ్ముతారు, 10 నుంచి 24 దాకా రెండేసి అంగుళాల తేడాతో. షాపు లెక్కలో 18 అంగుళాలంటే 450 మిల్లీమీటర్లు, 20 అంటే 500. గూడు లోతు కొలిచి, వెనక కనీసం ఒక సెంటీమీటరు మిగిలేలా పొడవు ఎంచుకోవాలి. గూడు లోపలి లోతు 510 మిల్లీమీటర్లుంటే 20 అంగుళాలది లెక్కకు పడుతుంది, కానీ వెనక గోడకు ప్లంబింగ్ పైపో కరెంటు పెట్టెనో ఉంటే 18కి దిగండి.

వెడల్పంటే పట్టీ ఎత్తు. 35 మిల్లీమీటర్లది గుడ్డలకీ కాయితాలకీ సరిపోతుంది. గిన్నెలకూ పప్పు డబ్బాలకూ 45 మిల్లీమీటర్లది కావాలి. మామూలు 45 మిల్లీమీటర్ల జత 35 నుంచి 45 కిలోల దాకా మోస్తుందని ప్యాకెట్టు మీద వేసి ఉంటుంది. అది జతకి లెక్క, ఒక్కోదానికి కాదు. సొరుగు సొంత బరువు కూడా అందులోనే.

స్క్రూలు విడిగా చూసుకోండి. జిప్సం సీలింగుకి వాడే నల్ల స్క్రూలు చాలామంది వేసేస్తారు. అవి పెళుసు, బరువుకి తల తెగుతుంది, తల ఆకారం కూడా ఛానల్ కన్నంలో సరిగ్గా కూర్చోదు. 18 మిల్లీమీటర్ల ప్లైకి 16 మిల్లీమీటర్ల స్క్రూ, 12 మిల్లీమీటర్ల సొరుగు పక్కలకి అంతకన్నా పొట్టిది. తల పలచగా ఉండాలి. కొనే ముందు షాపులోనే ఒక స్క్రూ ఛానల్‌లో పెట్టి పట్టీని ముందుకీ వెనక్కీ ఆడించి చూడండి, ఏమీ అనుకోరు.

కొలత

టెలిస్కోపిక్ ఛానల్ మందం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అరంగుళం. మేస్త్రీలు నాలుగు సూతలంటారు. రెండు పక్కలకీ కలిపి ఒక అంగుళం, 25.4. కాస్త ఊపిరాడేలా 26 పట్టుకోండి. గూడు లోపలి వెడల్పులోంచి 26 తీసేస్తే సొరుగు పెట్టె బయటి వెడల్పు వస్తుంది. గూడు 450 ఉంటే పెట్టె 424.

అయితే ఆ 450 ఎక్కడ కొలిచారు? ముందర పైన, ముందర కింద, వెనక పైన, వెనక కింద, నాలుగు చోట్లా కొలవాలి. నాలుగింట్లో చిన్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఒక మిల్లీమీటరు తేడా ఉంటే ఫర్వాలేదు. రెండు దాటితే వెడల్పు ఎక్కువున్నచోట ఛానల్ వెనక పలచని ముక్క పెట్టి సరిచేయాలి. దీనికి చేతికందే సరుకు మైకా ముక్క, దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. మైకా అంటున్నాం గానీ, సైదాపురం వైపు గనుల్లో తవ్వే అభ్రకానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది రెసిన్‌లో తడిపి ఒత్తిన కాగితపు పొరలు. షాపులో తుక్కు ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. సొరుగుల పని పెట్టుకున్నవాళ్ళు నాలుగు దాచుకోవాలి.

సందు తక్కువైతే ఈ ముక్కలు ఏమీ చేయలేవు. పెట్టె పక్కని చిత్రిక పట్టాలి, లేదా ఉప్పు కాగితంతో అరగదీయాలి. మైకా అంటించిన పెట్టె అయితే ఆ పక్క మైకా ఊడదీసినా ఒక మిల్లీమీటరు దొరుకుతుంది. పైకి కనిపించని పక్కే కాబట్టి అందానికి లోటు లేదు.

పెట్టె మూలమట్టంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఐమూలలు కొలవండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి, మళ్ళీ రెండో జతకి. రెండూ ఒకటైతే పెట్టె సరిగ్గా ఉంది. మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఎక్కువ ఉన్న మూలల్ని రెండు చేతులా దగ్గరికి ఒత్తి, అడుగు ప్లైకి కొత్త స్క్రూలు వేసి ఆ ఆకారంలో నిలబెట్టండి. పెట్టె మూల తప్పితే దేశంలో దొరికే ఎంత ఖరీదైన ఛానల్ తెచ్చినా ఆ సొరుగు జారదు.

ఇక చాలామంది మర్చిపోయేది తలుపు వెనక సొరుగు. బీరువాలోనో వార్డ్‌రోబ్‌లోనో సొరుగుకి ముందు తలుపు ఉంటే, తెరిచిన తలుపు కొంత భాగం గూటి దారిలోనే నిలుస్తుంది. ఛానల్ నేరుగా పక్క ప్లైకి కొడితే సొరుగు తలుపు అంచుకో దాని మడతబందుకో (కబ్జా) కొట్టుకుంటుంది. ముందే ఛానల్ వెనక 18 మిల్లీమీటర్ల ప్లై పట్టీ కొట్టాలి. రెండు పక్కలా కొడితే పైన చెప్పిన 450 గూటికి పెట్టె వెడల్పు 388కి దిగుతుంది. పెట్టె చేయించాక ఇది గుర్తొస్తే చేసేదేమీ ఉండదు, అందుకే ఇక్కడ చెబుతున్నా.

బిగించడం

ఛానల్ రెండుగా విడదీసి లోపలి పట్టీ సొరుగుకి, మిగతాది గూటికి పక్కన పెట్టుకోండి. రెండు జతల ముక్కలు కలిసిపోకుండా పెన్సిల్‌తో గుర్తు వేసుకోండి.

గూడు వైపు ముందు. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలన్నది అసలు కష్టం. టేపుతో రెండు పక్కలా కొలిచి గీత గీస్తే ఎక్కడో ఒక మిల్లీమీటరు తప్పుతుంది. దానికన్నా ఒక ప్లై ముక్కని కావలసిన ఎత్తుకి కోసి గూడు అడుగున నిలబెట్టి, ఛానల్‌ని దాని మీద ఆనించి బిగించండి. అదే ముక్కని రెండో పక్క పెట్టి అక్కడా బిగించండి. ముక్క ఒకటే కాబట్టి ఎత్తు తప్పే వీల్లేదు. మూడు సొరుగులుంటే పైదానితో మొదలుపెట్టి, ఆ ముక్కనే కోసుకుంటూ కిందికి దిగండి.

ముందు అంచు నుంచి ఎంత లోపలికి పెట్టాలన్నది ముందు పలకను బట్టి ఉంటుంది. పలక గూడు అంచుల మీదికి వచ్చి కూర్చునేదైతే ఛానల్ అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు లోపల. పలక గూటిలోకి దూరిపోయేదైతే పలక మందం ప్లస్ ఆ రెండు మూడు, అంటే 18 మిల్లీమీటర్ల పలకకి ఇంచుమించు 20. రెండు పక్కలా ఇది సమానంగా ఉండాలి. జోడెడ్లలో ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ లాగితే బండి అడ్డం తిరిగినట్టు, ఒక ఛానల్ ముందుకు జరిగితే సొరుగు ఏటవాలుగా మూసుకుంటుంది.

స్క్రూకి ముందు 2 మిల్లీమీటర్ల బిట్‌తో కన్నం వేయండి, ప్లై పొరలు చీలవు. బిట్‌కి లోతు గుర్తుగా కాస్త అంటించే టేపు చుట్టుకుంటే అవతలికి పొడుచుకుపోదు. ఛానల్‌కి గుండ్రటి కన్నాలూ ఉంటాయి, సాగదీసిన కన్నాలూ ఉంటాయి. గూటి పట్టీకి అడ్డంగా సాగినవి ముందుకూ వెనక్కూ జరపడానికి, సొరుగు పట్టీకి నిలువుగా సాగినవి పైకీ కిందికీ జరపడానికి. మొదట సాగిన కన్నాల్లోనే, ముందొకటి వెనకొకటి చొప్పున వేయండి. గుండ్రటి కన్నాలు చివరికి. ఆత్రంగా అన్నీ ఒకేసారి బిగించేస్తే సర్దడానికి చోటుండదు.

సొరుగు పట్టీని పెట్టె పక్కన, అడుగు అంచుకి సమాంతరంగా, ముందు అంచుకి సరిగ్గా ఆనించి బిగించండి. చేతి స్క్రూడ్రైవర్‌తోనే. మిషన్‌తో బిగిస్తే పార్టికల్ బోర్డులో పట్టు ఆ క్షణంలోనే తెగుతుంది.

పెట్టెని ఎక్కించే ముందు గూటి ఛానల్స్‌లో బాల్స్ ఉన్న రేకుని వేలితో ముందుకు చివరిదాకా లాక్కోండి. ఈ ఒక్క పని మరిచిపోతే పట్టీ ఆ రేకుకి గుద్దుకుని బాల్స్ నేల మీద జొన్నగింజల్లా దొర్లుతాయి. రెండు పట్టీలూ గాడిలో దూరాయని కంటితో చూశాక సొరుగుని సమంగా నెట్టండి. మొదటిసారి కొంచెం బిగువుగా ఉండి, చివర్లో రెండు పక్కలా క్లిక్ మంటుంది. ఒకే పక్క క్లిక్ మంటే బయటికి తీసి మళ్ళీ ఎక్కించండి, బలం వాడకండి.

పదిసార్లు తీసి మూయండి. ముందు పలక వాలితే సాగిన కన్నాల స్క్రూలు కాస్త వదులు చేసి పైకో కిందికో సర్ది బిగించండి. అంతా బాగుందనుకున్నాకే గుండ్రటి కన్నాల్లో స్క్రూలు. పలకని విడిగా బిగించేదైతే పెట్టె లోపలి నుంచి రెండు స్క్రూలు వేయండి. రెండు పలకల మధ్య మూడు మైకా ముక్కలు పెట్టుకుంటే సందు అంతటా ఒకేలా, మూడు మిల్లీమీటర్లు వస్తుంది.

సాఫ్ట్‌క్లోజ్ గురించి రెండు మాటలు

చివర్లో సొరుగుని తనే లాక్కుని నెమ్మదిగా మూసే ఛానల్ ఇది. బిగింపు అంతా పైన చెప్పినదే. కొలత మాత్రం ఇంకా ఖచ్చితంగా ఉండాలి, సందు తప్పితే చివరి రెండంగుళాలు లాక్కోదు. కొత్తగా వేశాక అలా నిలిచిపోతే లోపలి కొక్కెం విడిపోయి ఉంటుంది, ఒకసారి గట్టిగా చివరిదాకా నెడితే మళ్ళీ పట్టుకుంటుంది. వేగం తగ్గించే డ్యాంపర్‌లో నూనె పోయకండి. పిల్లలున్న ఇంట్లో వేళ్ళు నలగకుండా ఉంటుందన్నది నిజమే. ఎప్పుడో ఒకసారి తీసే పాత బిల్లుల సొరుగుకి మాత్రం అది దండగ.

తాతగారి టేకు బల్ల

పాత టేకు బల్ల సొరుగు బిగుసుకుంటే దానికి ఛానల్ వేయించమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఒప్పుకోకండి. ఆ సొరుగు పక్కన సందు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, ఛానల్‌కి చోటు చేయాలంటే పక్కలు కోసి మంచి పెట్టెని పాడుచేయాలి. దాన్ని తీసి, పెట్టె అడుగు అంచుల్నీ కింద పట్టీల్నీ సన్నటి ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, కొవ్వొత్తి మైనం గట్టిగా రాయండి. కొవ్వొత్తి లేకపోతే తడి లేని బట్టల సబ్బు బిళ్ళ. పట్టీ ఒక పక్క అరిగి గాడి పడితే అక్కడ ఒక మైకా ముక్కని ఫెవికాల్‌తో అంటించండి, నున్నటి పక్క పైకి ఉండేలా. మా ఇంట్లో మూడోసారి కొన్న ఛానల్ జత ఇంకా ప్యాకెట్టు విప్పకుండా అలాంటి బల్ల సొరుగులోనే పడి ఉంది.